అడగండి, చెబుతాం: అవ్వ జ్ఞాపకాలు చెదిరిపోకముందే

ఈ నెల చెన్నై నుంచి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే దారిలో ఉన్నాయి. నాయనమ్మ పోయింది, అమ్మమ్మ పోయింది, ఆమె బైబిలు మిగిలింది, నాలుగు పాటలు మిగిలాయి, వీటిని ఏం చేయాలి అని అడిగారు. సంఘ పెద్దలు, పాత కాగితాలను బాగుచేసేవారు, సమాధి రాళ్లు చెక్కించిన అనుభవం ఉన్నవారు కలిసి రాసిన జవాబులివి.

ప్రశ్న: మా నాయనమ్మ 86వ ఏట ప్రభువునందు నిద్రించారు. వచ్చే శనివారం జ్ఞాపకార్థ కూడిక. జీవిత చరిత్ర చదివే పని నాకు అప్పగించారు. పాస్టరు గారు ఐదు నిమిషాలే ఇస్తామన్నారు. ఏం రాయాలో, ఏం వదలాలో తెలియడం లేదు.
(పెరంబూర్ పాఠకురాలు)

జవాబు: ఐదు నిమిషాలంటే కాగితం మీద 400 మాటలు. సభలో నిదానంగా చదివితే నిమిషానికి 80, 90 తెలుగు మాటలకు మించవు. పైగా గొంతు పూడుకుపోయి ఆగాల్సిన చోట్లు ఉంటాయి. 700 మాటలు రాసుకెళ్తే చివరి పేజీ పరుగెత్తించి చదవాల్సి వస్తుంది. ఆమె చివరి రోజులు ఉండేది ఆ పేజీలోనే.

ముందు వంశావళిని బయటికి తీసేయండి. ఫలానా వారి జ్యేష్ఠ పుత్రిక, ఫలానా వారి ధర్మపత్ని, ఆరుగురు సంతానం, వారి పేర్లు, అల్లుళ్ల ఉద్యోగాలు అని మొదలుపెడితే అక్కడే రెండు నిమిషాలు కరిగిపోతాయి. ఒక్క మనవడి పేరు తప్పినా ఆ ఇంటివాళ్లు నొచ్చుకుంటారు. ఆ పేర్లన్నీ ఆరాధన క్రమం అచ్చువేసే కాగితం వెనక వైపు పెట్టండి. అచ్చుకు ఇచ్చే ముందు ప్రతి ఇంటి నుంచి ఒకరి చేత వాళ్ల వాళ్ల పేర్లు సరిచూపించండి.

తర్వాత "ప్రార్థనాపరురాలు", "విశ్వాస వీరురాలు", "అతిథి ప్రియురాలు" అన్న మూడు మాటలు కొట్టేయండి. అవి అబద్ధమని కాదు. ప్రతి కూడికలోనూ వినబడే మాటలు కాబట్టి వాటిలో మీ నాయనమ్మ కనబడదు. ఆమె ఎన్ని గంటలకు లేచేది? మోకాళ్ల మీద ఉండేదా, మోకాళ్ల నొప్పులు వచ్చాక కుర్చీలోకి మారిందా? పైకి వినబడేలా ప్రార్థించేదా? పేర్లు ఏ వరుసలో వచ్చేవి? వండే ముందు పిడికెడు బియ్యం తీసి కానుకకు వేరే డబ్బాలో పోసేదా? ఇవి రాస్తే ప్రార్థనాపరురాలు అన్న మాట వినేవాళ్లకే తడుతుంది.

వీటి కోసం ముగ్గురిని అడగండి: ఆమెతో ఎక్కువ ఏళ్లు ఒకే వంటింట్లో మెలిగిన కోడలిని, స్త్రీల సమాజంలో పక్కన కూర్చున్న ఒకామెను, వేరే మతానికి చెందిన ఒక పొరుగింటివారిని. "ఆమె గురించి చెప్పండి" అంటే ఎవరైనా "చాలా మంచి మనిషి" అని ఊరుకుంటారు. ఆమెకు కోపం ఎప్పుడు వచ్చేది, ఎవరి కోసం ఏళ్ల తరబడి ప్రార్థించింది, చేతిసంచిలో ఎప్పుడూ ఏముండేది అని అడగండి. కోపం గురించి అడగడానికి మొహమాటపడకండి. చర్చికి ఆలస్యమైతే కసురుకునేదని చెప్పినంత మాత్రాన ఆమె గౌరవం తగ్గదు.

తేదీల దగ్గర జాగ్రత్త. ఆధార్ కార్డులో పుట్టినరోజు జనవరి 1 అనో జూలై 1 అనో ఉంటే అది చాలాసార్లు అంచనా తేదీ. ఇంటి బైబిలు మొదటి పేజీలో చేత్తో రాసిన తేదీ ఉంటే దానికే ఎక్కువ విలువ ఇవ్వండి. ఏమీ లేకపోతే పెద్దవాళ్లు గుర్తుపెట్టుకునే సంఘటనలను బట్టి లెక్క కట్టండి: 1953 ఆగస్టు గోదావరి వరద, అదే ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం, 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన. "ఉప్పెన వచ్చినప్పుడు మీ చిన్నాన్న చంకలో ఉన్నాడు" అన్న ఒక్క మాటతో రెండు మూడు తేదీలు తేలతాయి. అప్పటికీ తేలకపోతే "సుమారు 1939" అని నిజాయితీగా రాయండి.

వాక్యం విషయం. స్త్రీల జ్ఞాపకార్థ కూడికల్లో సామెతలు 31 చదవడం అలవాటు. అది మంచి భాగమే, కానీ ఆమె బైబిల్లో ఆమే గీత గీసుకున్న వచనం ఉంటే దాన్ని చదవండి. అవ్వ విశ్వాసం గురించే కావాలంటే 2 తిమోతి 1:5 ఉంది. తిమోతి అవ్వ లోయి పేరు బైబిలంతటిలో అక్కడొక్కచోటే వస్తుంది.

కాగితం 16 పాయింట్ల అక్షరాల్లో, వరుసల మధ్య రెట్టింపు ఎడంతో, ఒకవైపే అచ్చు తీసుకోండి. పేజీలకు నంబర్లు వేయండి, పిన్ను కొట్టకండి. రెండో ప్రతి మీ తమ్ముడి చేతిలోనో, ఎవరైనా దగ్గరివాళ్ల చేతిలోనో పెట్టండి. మీరు ఆగిపోతే ఆ వాక్యం నుంచి అందుకోవడానికి. ముందు రోజు ఒకసారి గడియారం పెట్టుకుని పైకి చదవండి. మనసులో చదివితే ఐదు నిమిషాల కాగితం మూడు నిమిషాల్లో అయిపోయినట్టు ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మమ్మ బైబిలు 50 ఏళ్ల పైబడినది. పేజీలు పసుపెక్కి విరుగుతున్నాయి, వెన్ను ఊడింది, ఏదో పురుగు తొలుస్తోంది. మధ్యలో ఎండిన పువ్వులు, చీటీలు, పేపర్ కత్తిరింపులు ఉన్నాయి. మళ్లీ బైండింగు చేయించమంటారా? మేం నలుగురం అక్కచెల్లెళ్లం. అందరికీ కావాలి.
(అన్నా నగర్ పాఠకురాలు)

జవాబు: ఇప్పుడే బైండింగుకు ఇవ్వకండి. మామూలు బైండింగు దుకాణంలో పుస్తకం సాపుగా కనబడాలని మూడు వైపులా అంచులు కోస్తారు. మీ అమ్మమ్మ మార్జిన్లో రాసుకున్నదంతా ఆ కత్తి కిందే పోతుంది. మన పెద్దవాళ్లు చాలామంది వాక్యం పక్కనే ఆ రోజు ప్రసంగించిన వారి పేరు, తేదీ రాసుకునేవారు. జబ్బు చేసిన రోజు, కొడుకు పరీక్ష రోజు, ఇల్లు మారిన రోజు కూడా వచనం పక్కన చేరేవి. డైరీ రాసే అలవాటు లేని మనిషికి ఆ మార్జినే డైరీ. కాబట్టి ముందు ఫోటోలు, తర్వాతే మరమ్మతు.

పురుగు సంగతి వెంటనే చూడండి. పుస్తకాన్ని జిప్ ఉన్న మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గాలి వీలైనంత బయటికి నొక్కి, మూసి, మైనస్ 18 డిగ్రీలు ఉండే డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. ఇంటి ఫ్రిజ్ పైఅరలో మాటిమాటికీ తలుపు తీస్తుంటే ఆ చలి నిలవదు. బయటికి తీశాక సంచి విప్పకుండా 24 గంటలు గదిలో ఉంచాలి. వెంటనే విప్పితే చల్లటి కాగితం మీద తేమ పడుతుంది. ఫౌంటెన్ పెన్ను సిరా ఆ తేమకే అలుక్కుపోతుంది. ఎండలో పెట్టడం, కలరా ఉండలు పేజీల మధ్య వేయడం వద్దు. ఎండకు కాగితం ఇంకా పెళుసెక్కుతుంది, కలరా ఉండల వాసన ఏళ్ల తరబడి వదలదు, మనిషికీ మంచిది కాదు. వేపాకు పెట్టే అలవాటు ఉంటే పెట్టె బయటే. సరిగా ఎండని ఆకు మరక పడేస్తుంది.

ఇక పువ్వులు, చీటీలు. తీసే ముందే ఒక ఫోటో తీయండి, ఏ గ్రంథం ఏ అధ్యాయం దగ్గర ఉందో రాయండి. పేజీ నంబరు ఒక్కటే రాస్తే చాలదు, వేరే అచ్చులో అది మారిపోతుంది. తీసినదాన్ని చిన్న తెల్ల కాగితం కవరులో పెట్టి, కవరు మీద పెన్సిలుతో "కీర్తనలు 91 దగ్గర" అన్నట్టు రాయండి. పువ్వు, న్యూస్‌పేపర్ ముక్క రెండూ బైబిలు కాగితానికి మరక పెడతాయి కాబట్టి తిరిగి లోపల పెట్టకూడదు. గుండుసూదులు, జెమ్ క్లిప్పులు ఉంటే తప్పకుండా తీసేయండి. చెన్నై సముద్రపు గాలికి తుప్పు పట్టి, ఆ తుప్పు కాగితాన్ని తినేస్తుంది.

ఫోటోలకు మంచి ఫోన్ చాలు. కిటికీ పక్కన పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫోన్ పేజీకి సమాంతరంగా ఉండేలా పట్టుకోవాలి. వంగితే ఒకవైపు అక్షరాలు సన్నబడతాయి. బైబిలు కాగితం పలచన, వెనక పేజీ అక్షరాలు ముందుకు కనబడతాయి. తీస్తున్న పేజీ కింద నల్ల కాగితం ఒకటి పెడితే ఆ నీడ పోతుంది. పేజీ తిప్పడానికి వేలు తడి చేయకండి, పలచటి అట్టముక్కతో ఎత్తండి. పుస్తకాన్ని 180 డిగ్రీలు తెరిచి నొక్కకండి, రెండు వైపులా మడిచిన తువ్వాళ్లు పెట్టి సగం తెరిచినట్టు ఆనించండి. మొదట పుట్టిన, పెళ్లైన, పోయిన తేదీల పేజీలు, తర్వాత గీతలు, రాతలు ఉన్న పేజీలు. మొత్తం తీయాలనుకుంటే రెండు సాయంత్రాలు పడుతుంది. ఆ పని నలుగురూ కలిసి చేయండి. ఒకరు చదువుతుంటే ఇంకొకరికి ఏదో గుర్తొస్తుంది, ఆ మాట కూడా రాసుకోవచ్చు.

చిరిగిన చోట సెల్లోటేపు వేయకండి. కొన్నేళ్లకు జిగురు పసుపెక్కి కారుతుంది, పక్క పేజీకి అంటుకుంటుంది, ఆఖరికి టేపు ఊడి మరక మిగులుతుంది. లామినేషన్ అంతకన్నా కీడు, ఒకసారి చేస్తే ఇక తీయలేరు. పాత పుస్తకాలు బాగుచేసేవారు జపాన్ టిష్యూ కాగితాన్ని గోధుమ గంజి జిగురుతో అంటిస్తారు, కావాలంటే నీళ్లతో అది మళ్లీ వస్తుంది. అలాంటివారు దొరికేదాకా ఊడిన అట్టను నూలు నాడాతో వదులుగా కట్టి ఉంచితే నష్టం లేదు. రబ్బరు బ్యాండు మాత్రం వద్దు.

దాచేది గంజి పెట్టని, ఉతికిన తెల్ల నూలుగుడ్డలో చుట్టి, అట్టపెట్టెలో పడుకోబెట్టి. గంజి ఉంటే పురుగును పిలిచినట్టే. చెన్నైలో ఏడాదిలో చాలా నెలలు గాలిలో తేమ 70 శాతం పైనే ఉంటుంది, 65 దాటి అలాగే నిలిస్తే బూజు మొదలవుతుంది. పెట్టెలో 50 గ్రాముల సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి, రంగు మారినప్పుడల్లా మార్చండి. బీరువాను వాన తగిలే బయటి గోడకు ఆనించకండి. కింది అరలో అసలే పెట్టకండి. 2015 డిసెంబరు వరదల్లో కింది అంతస్తుల్లోని కాగితాలు ఎన్ని ఇళ్లలో పోయాయో చెన్నైవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఎప్పుడైనా తడిస్తే పేజీలు విప్పే ప్రయత్నం చేయకుండా, 48 గంటల్లోపు సంచిలో పెట్టి డీప్ ఫ్రీజర్‌లోకి పంపండి. అక్కడ బూజు ఆగుతుంది, ఆరబెట్టేవారు దొరికేదాకా సమయం చిక్కుతుంది.

నలుగురిలో ఎవరికి? పుస్తకం ఒకరి దగ్గరే ఉండాలి. పాత నిబంధన ఒకరికి, కొత్త నిబంధన ఒకరికి అని విడదీయకండి. తేమ తక్కువ ఉన్న, పై అంతస్తు ఇల్లు ఎవరిదో వాళ్లు ఉంచుకోవడం న్యాయం. ఫోటోల పూర్తి ప్రతి నలుగురికీ, రాతలున్న పేజీలు రంగుల్లో అచ్చువేసి కుట్టించిన పుస్తకం తలా ఒకటి. తర్వాత ఎవరికి వెళ్లాలో ఇప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టెలో ఉంచండి.

ప్రశ్న: మాది బాప్టిస్టు కుటుంబం, మావారి వైపు రోమన్ కాథలిక్కులు. అవ్వ సంవత్సరీకం కార్డు మీద "ఆత్మకు శాంతి కలుగుగాక" అని వేయించబోతే మా నాన్న ఒప్పుకోలేదు. ఇప్పుడేం రాయాలి?
(తాంబరం పాఠకురాలు)

జవాబు: మీ నాన్నగారి అభ్యంతరంలో అర్థం ఉంది. బాప్టిస్టులు, మరికొన్ని ప్రొటెస్టెంటు సంఘాలవారు చనిపోయినవారి ఆత్మ కోసం ప్రార్థించరు. ఆ జీవితాన్ని బట్టి దేవునికి కృతజ్ఞత చెబుతారు. కాథలిక్కులు ఆత్మ కోసం పూజ చేయిస్తారు, నవంబరు 2న సమాధులు అలంకరించి ప్రార్థిస్తారు. కాబట్టి "ప్రభువునందు నిద్రించిన మా అవ్వ జ్ఞాపకార్థ కృతజ్ఞతా కూడిక" అని రాయండి. ఇందులో ఎవరికీ ఇబ్బంది లేదు. మీవారి వైపువాళ్లు తమ గుడిలో పూజ చెప్పించుకుంటామంటే ఆ సంగతి కార్డు మీదకు రానక్కర్లేదు.

ప్రశ్న: మా జేజమ్మ పాడే కీర్తనలు రికార్డు చేసుకోలేదు. వాట్సాప్‌లో పంపిన పది పన్నెండు వాయిస్ మెసేజీలు మాత్రం ఉన్నాయి. యూట్యూబులో అవే పాటలు వింటే ఆమె పాడినట్టు లేవు. ఆ రాగం మళ్లీ దొరుకుతుందా?
(వ్యాసర్పాడి పాఠకుడు)

జవాబు: ముందు ఆ మెసేజీలను కాపాడండి. ఫోన్ మారినా, పాడైనా అవి పోయే ప్రమాదం ఉంది. ఒక్కొక్కటీ నొక్కిపట్టి, షేర్ నొక్కి, ఫైలుగా దాచండి. పేరులో తేదీ, విషయం రాయండి: "2021 ఏప్రిల్ 4, ఈస్టరు దీవెన" అన్నట్టు. మూడు ప్రతులు ఉండాలి: ఒకటి కంప్యూటరులో, ఒకటి ఇంటర్నెట్ నిల్వలో, ఒకటి వేరే ఇంట్లో ఉన్న పెన్‌డ్రైవులో. మందులు వేసుకున్నావా అని అడిగిన చిన్న మెసేజీ కూడా తుడిచేయకండి. రేపు మీ పిల్లలు వినాలనుకునేది దాన్నే కావచ్చు.

రాగం సంగతి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చాలా పాటలకు పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. తొలితరం క్రైస్తవ కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరి (1803–1890) కాలం నుంచి వచ్చిన పాటలు కర్ణాటక రాగాల మీదే కట్టినవి. అయితే స్వరం అచ్చులో ఉండదు, చెవి నుంచి చెవికే వచ్చింది. అందుకే గుంటూరు వైపు ఒకలా, నెల్లూరు వైపు ఒకలా, విశాఖ వైపు ఇంకోలా పాడతారు. పల్లెల్లో తాళాలు, డోలకు మీద పాడుతున్నప్పుడు గొంతు స్వేచ్ఛగా ఊగేది. నగరంలోని చర్చిల్లో కీబోర్డు వచ్చాక మెట్టు మెట్టుగా నిలబెట్టి పాడటం అలవాటైంది, గమకాలు రాలిపోయాయి. మీకు తేడాగా వినబడింది అదే.

మీ జేజమ్మ చిన్నతనంలో ఉన్న ఊరి సంఘంలో ఆమె వయసువారు, ఆమె చెల్లెళ్లు, మేనకోడళ్లు ఎవరున్నారో చూడండి. పాట నంబరు చెబితే తికమక పడతారు, ఒక్కో కూర్పులో నంబరు ఒక్కోలా ఉంటుంది. మొదటి పాదం చెప్పండి. ఫోన్ ఎయిరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఫ్యాను, ఏసీ ఆపి, నోటికి జానెడు దూరంలో కొంచెం పక్కగా ఉంచండి. ఎదురుగా ఉంటే ఊపిరి చప్పుడు పడుతుంది. పాటకు ముందు పేరు, ఊరు, తేదీ, ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ల నోటితోనే చెప్పించండి. తాళం తొడ మీద వేయమనండి, ఫోన్ పక్కన చప్పట్లు కొడితే గొంతు మునిగిపోతుంది. వాళ్లకు ఏ శ్రుతి హాయిగా ఉంటే అందులోనే పాడనివ్వండి. చరణం మధ్యలో మరచిపోయినా ఆపకండి, మళ్లీ అందుకుంటారు. ఆ ఫైలును వాట్సాప్‌లో పంపాలంటే "డాక్యుమెంట్"గా పంపండి, లేకపోతే నాణ్యత తగ్గవచ్చు.

ప్రశ్న: మా అవ్వది ఒంగోలు దగ్గరి పల్లె. పెళ్లయ్యాక మద్రాసు వచ్చింది. ఆమె బాప్తిస్మం ఎప్పుడు, ఎవరిచ్చారు అన్న వివరం ఎక్కడ దొరుకుతుంది? బాప్తిస్మం 1952 అని ఎవరో అంటే, ఇంట్లో అదే పుట్టిన సంవత్సరం అనుకుంటున్నారు.
(ఆవడి పాఠకుడు)

జవాబు: అది పొరపాటు. నెల్లూరు, ఒంగోలు వైపు పనిచేసింది అమెరికన్ బాప్టిస్టు మిషను. బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు, తెలిసి ఒప్పుకున్న వయసులోనే ఇస్తారు. 1952లో బాప్తిస్మం అయితే అవ్వ పుట్టింది అంతకు చాలా ఏళ్ల ముందే. అదే గుంటూరు వైపు లూథరన్లయితేనో, కడప, నంద్యాల, మచిలీపట్నం వైపు ఇప్పుడు సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)లో ఉన్న సంఘాలైతేనో పసితనంలో బాప్తిస్మం, పెద్దయ్యాక ఆ విశ్వాసాన్ని తామే ఒప్పుకునే కన్ఫర్మేషన్ ఉంటాయి. సి.ఎస్.ఐ. ఏర్పడింది 1947 సెప్టెంబరు 27న, మద్రాసు సెయింట్ జార్జి కెథెడ్రల్‌లో. అంతకుముందు రికార్డుల మీద పాత మిషన్ల పేర్లే ఉంటాయి.

మొదట వెతకాల్సింది పల్లెలో కాదు, చెన్నైలోనే. ఆమె ఇక్కడి తెలుగు సంఘంలో చేరినప్పుడు పాత సంఘం నుంచి సభ్యత్వ బదిలీ ఉత్తరం తెచ్చి ఉండవచ్చు. ఆ సంఘం కార్యదర్శిని పాత సభ్యత్వ రిజిస్టరు చూడమని అడగండి. రెండోది పెళ్లి రికార్డు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లయితే వధువు వయసు, తండ్రి పేరు అందులో ఉంటాయి. మూడోది ఊరి సంఘం రిజిస్టరు. అక్కడ పేరుతో వెతికితే దొరకకపోవచ్చు. బాప్తిస్మంలో చెంచమ్మ సువార్తమ్మ అయి ఉండవచ్చు, ఇంటిపేరు రాయకపోయి ఉండవచ్చు, ఇంగ్లిషులో ఒక్కో దొర ఒక్కోలా రాశాడు. ఊరి పేరు, తండ్రి పేరు పట్టుకుని ఆ ఏడాదికి ముందు మూడేళ్లు, తర్వాత మూడేళ్లు చూడండి.

బెంగళూరు యునైటెడ్ థియోలాజికల్ కాలేజీలో మిషన్ కాగితాల భాండాగారం ఉంది, ముందుగా రాసి అనుమతి తీసుకుని వెళ్లాలి. అక్కడ దొరికేది ఎక్కువగా మిషనరీల నివేదికలు, ఉత్తరాలు. మీ అవ్వ పేరు వాటిలో ఉంటుందని ఆశించకండి, ఆమె ఊరి పేరు ఉంటే అదే గొప్ప. ఒంగోలు వైపు చాలా కుటుంబాలు "మా తాతకు క్లౌ దొర బాప్తిస్మం ఇచ్చాడు" అంటాయి. ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆయన. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది కాబట్టి ఆ మాట నిజం కావచ్చు. రికార్డు దొరికేదాకా "మా ఇంట్లో చెప్పుకునే మాట" అని రాయడమే సరి.

ప్రశ్న: నేను చెన్నైలోనే పుట్టాను, బడిలో తమిళం, ఇంగ్లిషు చదివాను. తెలుగు అచ్చు కూడబలుక్కుని చదవగలను గానీ అమ్మమ్మ ప్రార్థన నోటుబుక్కు చదవలేకపోతున్నాను. కొన్ని గుర్తులు ఏ పుస్తకంలోనూ లేవు.
(రాయపురం పాఠకుడు)

జవాబు: ఉన్నాయి, పాత పుస్తకాల్లో. అక్షరం తర్వాత చిన్న 6ను తిరగేసినట్టు ఒక గుర్తు (౯) కనబడితే అది వలపల గిలక. ఆ హల్లుకు ముందు పలికే రకారమది: "ధర్మము"ను "ధమ౯ము" అని రాసేవారు. అరసున్న (ఁ) పలకనక్కర్లేదు. ఱ అంటే బండి ర, ఇప్పుడు ర అనే చదువుకోండి. అంకెలు తెలుగులో ఉంటే ౧, ౨, ౩ అంటే 1, 2, 3. "కీర్త", "యెష", "యిర్మీ" అన్నవి కీర్తనలు, యెషయా, యిర్మీయా. అణాలు కనబడితే 16 అణాలు ఒక రూపాయి, 1957లో నయాపైసలు వచ్చేదాకా అదే లెక్క. కానుకల పద్దులో మానికలు ఉంటే రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం.

ఎత్తిరాసేటప్పుడు ఆమె రాసింది రాసినట్టే దించండి. "యేసయ్య"ను "ఏసయ్యా" అని రాస్తే అలాగే ఉంచండి, ఆమె పలుకు అందులోనే ఉంది. అర్థంకాని చోట ఖాళీ వదిలి, ఊహించిన మాట పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. రోజుకు రెండు పేజీలు చాలు. మొదటి పది పేజీలు కష్టం, తర్వాత ఆమె చేతివాటం పట్టుబడుతుంది. ప్రార్థన పట్టీలో మీకు తెలియని పేర్లు వస్తే వెంటనే మీ అమ్మను అడగండి. ఆ పేర్లు తెలిసినవారు తగ్గిపోతున్నారు.

ప్రశ్న: నాయనమ్మను జూన్‌లో భూస్థాపన చేశాం. క్రిస్మస్‌కల్లా సమాధి రాయి పెట్టాలని నాన్న తొందర. తెలుగులో చెక్కించాలి. ఏ రాయి, ఎంత ఖర్చు కాదు, తప్పులు రాకుండా ఎలా అన్నదే మా భయం.
(కొరుక్కుపేట పాఠకుడు)

జవాబు: క్రిస్మస్‌కు వద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ ఈశాన్య రుతుపవనాల వానలు. కొత్త సమాధి మట్టి ఆ వానల్లోనే బాగా కుంగుతుంది. ముందే కడితే ఒకవైపు ఒరిగి పగులుతుంది. వానలు తగ్గాక, ఫిబ్రవరిలో కట్టించండి. క్రిస్మస్‌కు చెక్క శిలువ, పూలు చాలు. కిల్పాక్, కాశిమేడు సమాధుల తోటలు మద్రాస్ సెమిటరీస్ బోర్డు చేతిలో ఉన్నాయి. ఏ తోట అయినా సరే, రాయి కొనేముందు పొడవు, వెడల్పు, ఎత్తు ఎంతవరకు అనుమతిస్తారో ఆఫీసులో రాతపూర్వకంగా తీసుకోండి.

తెల్ల పాలరాయి అందంగానే ఉంటుంది, కానీ వానకు అరుగుతుంది, నల్లబూజు పడుతుంది, అక్షరాలు మొద్దుబారతాయి. నల్ల గ్రానైటు మేలు. రెండడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం పలక సుమారు 15 కిలోలు ఉంటుంది. నిలువుగా పెట్టాలంటే ఆ మందం చాలదు, వెనక ఇటుక, సిమెంటు దన్ను కావాలి. సముద్రం దగ్గర ఇనుప కమ్మీ వాడితే తుప్పుకు ఉబ్బి సిమెంటును చీలుస్తుంది, తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలు మేకులు అడగండి.

అసలు చిక్కు అక్షరాలతో. ఇక్కడ చెక్కేవాళ్లలో చాలామందికి తెలుగు రాదు. వత్తు పోయినా, గుడి దీర్ఘం పోయినా వాళ్లకు తెలియదు. అను ఫాంటులో టైపు చేసిన ఫైలు ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి. ఫోన్‌లో టైపు చేసే మామూలు తెలుగును (యూనికోడ్) పాత డిజైను సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే "క్రీస్తు"లోని వత్తులు విడిపోయి పక్కన పడతాయి. అందుకని డిజైను మీరే తెలుగు తెలిసినవారి చేత చేయించి, అక్షరాలను కర్వులుగా (ఫాంటు లేకపోయినా మారని గీతలుగా) మార్చి, పీడీఎఫ్ ఇవ్వండి. వాట్సాప్‌లో వాక్యం పంపి చెక్కమనకండి.

పేరు 30 మిల్లీమీటర్ల ఎత్తు, మిగతాది 20కి తగ్గకుండా ఉండాలి. లోతు కనీసం 2 మిల్లీమీటర్లు. తలకట్టు పైకి, వత్తు కిందికి వెళ్తాయి కాబట్టి వరుసల మధ్య ఎడం అక్షరం ఎత్తుకు దాదాపు రెట్టింపు ఇవ్వాలి, తమిళం, ఇంగ్లిషు రాళ్ల లెక్క దీనికి చాలదు. అంచులు వదిలితే రెండడుగుల పలక మీద పేరు వరుసలో 14 అక్షరాలకు మించి పట్టవు. పొడవాటి వచనం ఇరికించి అక్షరం చిన్నది చేయడం కన్నా, పేరు, రెండు తేదీలు, ఆమెకు ఇష్టమైన వచనం సంఖ్య మాత్రమే వేయడం మంచిది. నెలను అంకెలో కాక అక్షరాల్లో రాయండి, 5-6 అంటే మే నెలో జూన్ నెలో తర్వాతి తరానికి తెలియదు. వచనం పూర్తిగా వేయాలనుకుంటే ఆమె చదివిన బైబిలు నుంచే దించండి, కొత్త అనువాదాల్లో మాటలు వేరు.

చెక్కే ముందు రాయి కొలతకే కాగితం మీద అచ్చు తీయించి గోడకు అంటించండి. తెలుగు బాగా వచ్చిన ఇద్దరి చేత, విడివిడిగా, చివరి అక్షరం నుంచి వెనక్కి చదివించండి. ముందు నుంచి చదివితే కన్ను తప్పును తానే దిద్దుకుని దాటిపోతుంది. ణ–న, శ–ష, "నిద్రించెను"లో ద కింద రావత్తు, ఇంటిపేరులో దీర్ఘం ప్రత్యేకంగా చూడండి. ఆ కాగితం మీద మీ నాన్నగారి సంతకం, చెక్కేవారి సంతకం రెండూ పెట్టించి, ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకుని, అప్పుడు అడ్వాన్సు ఇవ్వండి.